ఎల్క్ వేటకు ఏ జీపీఎస్ తీసుకోవాలి? ఫోన్ ఒక్కటే చాలదా?

ప్రశ్న (డెన్వర్, కొలరాడో)

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో మొదటిసారి ఎల్క్ (జింక జాతికి చెందిన పెద్ద జంతువు) వేటకు వెళ్తున్నాను. మా ఆఫీసులో ఇరవై ఏళ్లుగా వేటకు వెళ్తున్న ఒక పెద్దాయన నన్ను వెంట తీసుకెళ్తానన్నారు. మీకర్ ఊరికి తూర్పున, ఫ్లాట్ టాప్స్ ప్రాంతంలో దాదాపు 10,000 అడుగుల ఎత్తున గుడారం వేసుకుని నాలుగైదు రోజులు ఉంటాం. వేట శిక్షణ పూర్తిచేశాను, నారింజ రంగు చొక్కా, టోపీ కొన్నాను. ఇక తేలనిది దారి సంగతే.

ఆయన దగ్గర మడతలు చిరిగిన చోట్లల్లా టేపు అంటించిన ఒక కాగితపు పటం, ఒక దిక్సూచి తప్ప మరేమీ లేవు. ఆ కొండలు ఆయనకు పెరటి తోటతో సమానం, నాకు కావు. తెల్లవారకముందే ఇద్దరం చెరో దిక్కుకు వెళ్లి, చీకటి పడ్డాక గుడారానికి చేరాలన్నది ఆయన పద్ధతి కాబట్టి చీకట్లో ఒంటరిగా నడవక తప్పదు. ఫోన్‌లో వేట పటాల యాప్ పెట్టుకుంటే సరిపోతుందా, చేతిలో పట్టుకునే జీపీఎస్ కొనాలా, లేక ఉపగ్రహం ద్వారా కబురు పంపే పరికరం కొనాలా? మొత్తం మీద 600 డాలర్లు మించకూడదు. రోజూ రాత్రి ఒక్క మాటైనా కబురు రావాల్సిందేనని మా ఆవిడ షరతు పెట్టింది.

మొదటి జవాబు (బోజ్‌మన్, మోంటానా)

మీరు మూడు వేర్వేరు పనులను ఒకే ప్రశ్నలో కలిపేశారండీ. నేనెక్కడున్నాను, ఈ నేల ఎవరిది, ఆపద వస్తే ఎవరిని ఎలా పిలవాలి అన్నవి ఆ మూడు. మొదటి రెండింటికీ ఫోన్ బాగా పనికొస్తుంది, మూడోదానికి దాన్ని నమ్ముకోవద్దని నా సలహా.

సెల్ సిగ్నల్ లేకపోతే జీపీఎస్ కూడా పనిచేయదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా అందులోని జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలను అందుకుంటూనే ఉంటుంది. కావలసిందల్లా పటాన్ని ఇంట్లోనే ఫోన్‌లోకి దించి (డౌన్‌లోడ్ చేసి) పెట్టుకోవడం. పైగా ఆ మోడ్‌లో పెట్టకపోతే, లేని టవర్ కోసం వెతికి వెతికి ఫోన్ చార్జి మధ్యాహ్నానికే అయిపోతుంది. పటం దించేటప్పుడు మీ వేట యూనిట్ (మీకు వేటకు అనుమతి ఉన్న ప్రాంతం) మొత్తాన్నీ పలుచగా దించి సరిపెట్టుకోకండి. గుడారం చుట్టూ ఐదారు మైళ్ల మేర ఉపగ్రహ చిత్రంతోపాటు, దగ్గరగా పెంచి చూసినా వివరాలు కనబడే స్థాయిలో దించుకోండి. నా మొదటి ఏడాది ఈ జాగ్రత్త తీసుకోనందుకు, తెర మీద బూడిద రంగు గళ్లు తప్ప మరేమీ కనబడని చోట రెండు గంటలు కూర్చున్నాను. తప్పు యాప్‌ది కాదు, నాదే.

మామూలు కొండ నడకకూ వేటకూ ఒక తేడా ఉంది. నడిచేవాడికి బాట ఉంటుంది, వేటగాడు బాట వదిలి జంతువు వెంట పోతాడు. మగ ఎల్క్‌ను కొడితే ఎముకలు తీసేశాక కూడా 200 పౌన్ల వరకు మాంసం ఉంటుంది. దాన్ని మీరిద్దరూ ఒక్క విడతలో మోయలేరు. మొదటి మూట గుడారంలో దించి, అర్ధరాత్రి తలదీపం వెలుతురులో అదే ఫిర్ చెట్ల గుంపు దగ్గరకు తిరిగి రావాలి. పగలు ఎంతో గుర్తుంటుందనుకున్న చెట్టు రాత్రి వందల చెట్లలో ఒకటైపోతుంది. అందుకే జంతువు పడగానే, కత్తి తీయకముందే ఫోన్‌లో ఆ చోటుకు గుర్తు పెట్టండి. మీరు కాల్చిన చోటుకు కూడా ఒక గుర్తు పెట్టండి, రక్తపు జాడ తప్పిపోతే మళ్లీ అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

ఇక కబురు సంగతి. గార్మిన్ ఇన్‌రీచ్ మినీ 2 అనే ఉపగ్రహ సందేశ పరికరం బరువు 100 గ్రాములే. ఇరిడియం ఉపగ్రహాల ద్వారా రెండు వైపులా సందేశాలు నడుస్తాయి, ఎస్ఓఎస్ బొత్తాం ఉంది. 2022లో విడుదలైనప్పుడు దాని ధర 400 డాలర్లు, దానికి తోడు నెలవారీ చందా కట్టాలి. దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయల్లో సందేశం వెళ్లడానికి చాలా నిమిషాలు పట్టవచ్చని మీ ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. లేకపోతే పది నిమిషాల ఆలస్యానికే ఇక్కడ మీకన్నా అక్కడ ఆవిడ ఎక్కువ కంగారుపడతారు. యాప్ చందా ఒక రాష్ట్రానికి ఏడాదికి సుమారు 35 డాలర్లు. రెండూ కలిపినా మీ లెక్క దాటదు.

రెండో జవాబు (షయెన్, వయోమింగ్)

పై మిత్రుడి మాటల్లో చాలావరకు నిజమే గానీ, ఫోన్ మీద అంత నమ్మకం నాకు లేదు. ఐఫోన్ వాడవలసిన ఉష్ణోగ్రత 0 నుంచి 35 డిగ్రీల సెల్సియస్ అని తయారీదారులే రాశారు. అక్టోబరులో 10,000 అడుగుల మీద తెల్లవారుజామున ఎంత చలి ఉంటుందో చెప్పనక్కరలేదు. నాలుగేళ్ల కిందట నా ఫోన్ 40 శాతం చార్జి చూపిస్తూనే చలికి చప్పున ఆరిపోయింది. చంకలో పెట్టుకుని వెచ్చబరిస్తే మళ్లీ వెలిగింది గానీ, ఆ పావుగంట నాకు చాలా పొడుగ్గా గడిచింది. తడిసిన తొడుగులతో తెరను తాకినా అది వినదు. అందుకే నేను బొత్తాలున్న జీపీఎస్ వాడతాను. ఈట్రెక్స్ 32ఎక్స్ లాంటిది రెండు డబుల్‌ఏ బ్యాటరీల మీద 25 గంటలు నడుస్తుంది. బ్యాటరీలు మాత్రం లిథియంవే కొనండి, మామూలు ఆల్కలైన్‌వి చలిలో తొందరగా నీరసిస్తాయి.

అయితే సరిహద్దుల విషయంలో యాప్‌కు సాటి లేదని ఒప్పుకుంటాను. మన ఊళ్లో రెండు చేల మధ్య గట్టు, సర్వే రాయి కనబడతాయి. ఇక్కడ ప్రభుత్వ అడవి ఎక్కడ ముగిసి సొంత ఆస్తి ఎక్కడ మొదలవుతుందో చాలాచోట్ల కంచె కూడా చెప్పదు. మా వయోమింగ్‌లో చదరపు మైలు చొప్పున చదరంగం గళ్లలా ఒకటి ప్రభుత్వానిది, పక్కది ప్రైవేటుది. 2021లో ఎల్క్ మౌంటెన్ దగ్గర మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఒక ప్రభుత్వ గడి మూల నుంచి ఎదురు మూలనున్న ఇంకో ప్రభుత్వ గడిలోకి నిచ్చెన వేసుకుని దాటారు. మూల దగ్గర తన నేల పైనుంచి దాటారని పక్క గడి భూయజమాని దావా వేస్తే, అది పై కోర్టుకు వెళ్లి 2025లో వేటగాళ్ల పక్షాన తీర్పు వచ్చింది. ఆ దావాలో ఒకరి యాప్‌లో దొరికిన గుర్తు మీద కూడా వాదన నడిచిందంటే, ఫోన్‌లో మీరు పెట్టే చుక్కలు ఎంత దూరం పోతాయో ఊహించండి. ఆ కోర్టు పరిధిలోనే ఉన్న కొలరాడోకు కూడా ఆ తీర్పు వర్తిస్తుంది, ఆ పరిధిలో లేని, మొదటి జవాబు రాసిన మిత్రుడి మోంటానాకు వర్తించదు.

యాప్‌లోని గీత సర్వేయరు గీసిన గీత కాదన్నది మాత్రం మరచిపోవద్దు. జీపీఎస్ ఎంత బాగా పనిచేసినా కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, గీతలోనూ కొంత తేడా ఉంటుంది. కంచె దగ్గర నిలబడి ఎల్క్ ఇవతల ఉందా అవతల ఉందా అని ఫోన్‌ను అడగాల్సి వస్తే కాల్చకుండా ఉండడమే మేలు.

మూడో జవాబు (సాల్ట్ లేక్ సిటీ, యూటా)

మీ పెద్దాయన కాగితపు పటాన్ని తీసిపారేయకండి, అది చదవడం ఆయన దగ్గరే నేర్చుకోండి. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వారి 1:24,000 పటంలో ఒక అంగుళం అంటే నేల మీద 2,000 అడుగులు. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఎక్కడ ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయో అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. ఫోన్ తెర మీద అరమైలు దగ్గరగా కనిపించే చోటికి మధ్యలో 800 అడుగుల దిగుడు ఉందని కాగితమే ముందుగా చెబుతుంది.

రెండు చిన్న సంగతులు. కొలరాడోలో దిక్సూచి ముల్లు నిజమైన ఉత్తరానికి సుమారు 8 డిగ్రీలు తూర్పుగా చూపిస్తుంది. దాన్ని దిక్సూచిలో సవరించుకోకుండా ఒక మైలు నడిస్తే 700 అడుగులకు పైగా పక్కకు పోతారు. రెండోది, ఆయన పటం పాతదైతే మూలన నాడ్ 27 అని ముద్రించి ఉంటుంది, అది చోట్లను లెక్కించే పాత కొలతల పద్ధతి. మీ పరికరం మామూలుగా డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త పద్ధతి లెక్కలో చూపిస్తుంది. యూటీఎం అంకెలు (చోటును మీటర్లలో తెలిపే అంకెలు) చెప్పుకునేటప్పుడు ఈ తేడా వల్ల చోటు ఉత్తర దక్షిణాలుగా దాదాపు 200 మీటర్లు జరిగిపోతుంది. ఆయన పటం చూసి అంకెలు చెప్పి, మీరు పరికరంలో కొట్టి, ఇద్దరూ వేర్వేరు వాగుల్లో ఎదురుచూడకుండా ముందే సరిచూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. నాది ఐఫోన్ 15. దానికే ఉపగ్రహ సదుపాయం ఉంది కదా, ఇన్‌రీచ్ ఖర్చు మానుకోవచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు

ఐఫోన్ 14 నుంచి ఎస్ఓఎస్ ఉంది, ఐఓఎస్ 18 వచ్చాక అమెరికాలో మామూలు సందేశాలు కూడా ఉపగ్రహం ద్వారా పంపవచ్చు. కానీ మీరు తెర చూస్తూ ఫోన్‌ను ఉపగ్రహం వైపు తిప్పి పట్టుకుని ఉండాలి. చేయి విరిగినవాడికి అది కష్టం. పైగా పటం, టార్చి, కబురు మూడూ ఒకే బ్యాటరీ మీద ఆధారపడతాయి. ఆ బ్యాటరీ చలికి ఎలా ఆరిపోయిందో షయెన్ మిత్రుడు చెప్పనే చెప్పారు. నెలవారీ చందా భారమనిపిస్తే 406 మెగాహెర్ట్‌జ్ మీద పనిచేసే పీఎల్‌బీ (ఆపదలో మీరున్న చోటును తెలిపే సొంత పరికరం) ఉంది, దానికి చందా లేదు, నోవా (అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ) దగ్గర ఉచితంగా నమోదు చేయించాలి. అయితే అది ఆపద సంకేతం మాత్రమే పంపుతుంది, మీ ఆవిడ షరతును తీర్చదు.

ప్రశ్న అడిగినవారు

సరేనండీ, షరతే గెలిచింది. ఇన్‌రీచ్ మినీ, కొలరాడో వరకు యాప్ చందా, ఒక కొత్త కాగితపు పటం తీసుకుంటున్నాను. ఫోన్‌ను లోపలి చొక్కా జేబులో, ఒంటికి ఆనుకుని ఉండేలా పెట్టుకుంటాను. పెద్దాయన పటం మూల ఇవాళ భోజనాల దగ్గర చూశాను, నాడ్ 27 అనే ఉంది. ఆయనకు చూపిస్తే నవ్వి, ఇన్నేళ్లుగా తాను ఎవరికీ అంకెలు చెప్పలేదని, "రెండో వాగు పైన ఎండిన చెట్టు" అనే చెప్పానని అన్నారు. వచ్చే శనివారం ఇంటి దగ్గరి కొండల్లో ఆయన చెట్టు గుర్తు, నా అంకెలు రెండూ పెట్టుకుని ఒకసారి నడిచి చూస్తాం.