ఏ క్యాన్సర్ ఎక్కువ ప్రాణాంతకం?

ప్రశ్న (టెక్కలి నుంచి): మా పెదనాన్నగారికి క్లోమ గ్రంథి క్యాన్సర్ అని గత వారం తేలింది. ఊపిరితిత్తుల క్యాన్సరే అన్నిటికంటే ప్రమాదకరమని ఇన్నాళ్లూ చదివాను. డాక్టరుగారు మాత్రం ఇదే మరీ మొండిదంటున్నారు. ఏది నిజమండీ?

జవాబు (రాజాం నుంచి): రెండూ నిజమేనండి, కొలిచే తీరు వేరు. 2022లో ప్రపంచవ్యాప్తంగా ఊపిరితిత్తుల క్యాన్సర్ సుమారు 18 లక్షల మందిని బలిగొంది కనుక, మరణాల సంఖ్యలో అదే మొదటిది. కానీ వ్యాధి వచ్చినవారిలో ఎంతమంది పోతున్నారని చూస్తే క్లోమ క్యాన్సరే మొండిది: అదే ఏడాది దాని కొత్త కేసులు సుమారు 5.1 లక్షలు కాగా, మరణాలు దాదాపు 4.7 లక్షలు, రొమ్ము క్యాన్సర్‌లో 23 లక్షల కేసులకు మరణాలు 6.7 లక్షలే. క్లోమం పొట్ట వెనుక దాగి ఉండడం వల్ల, కామెర్లో నడుంనొప్పో కనబడేసరికి వ్యాధి తరచుగా ముదిరిపోయి ఉంటుంది.

జవాబు (సోంపేట నుంచి): ఈ లెక్కల్లో మన శ్రీకాకుళం తీరం విడిగా కనబడదు. మా అమ్మమ్మ చుట్ట నిప్పుకొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. అంగిలి తెల్లబారి, దానిమీద ఎర్రటి చుక్కలుండేవి. అంగిలి క్యాన్సర్‌కు ఆ అలవాటు ముఖ్య కారణం. అయితే నోరు తెరిచి టార్చి వేస్తే అది కనబడుతుంది, క్లోమం కనబడదు.

ప్రశ్న అడిగినవారు: కామెర్లు కనబడగానే మేము పసరు మందుకు వెళ్లి మూడు వారాలు పోగొట్టుకున్నామండీ.