అప్‌డేట్: స్పానిష్‌లో @, _, # ఫోన్లో ఎలా పలకాలి? సమస్య తీరిపోయింది

పోయిన నెల అడిగింది నేనే. మెక్సికో క్లయింట్లకు ఫోన్లో మెయిల్ ఐడీ, పాస్‌వర్డ్ చెప్పాల్సి వచ్చినప్పుడల్లా అండర్‌స్కోర్ దగ్గర ఆగిపోతున్నానని రాశాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

@ అంటే 'అర్రోబా', చుక్క 'పుంతో', _ 'గియోన్ బాహో' (కింది గీత అన్నమాట), - ఉత్త 'గియోన్', తికమక వస్తే 'గియోన్ మేదియో'. ఇవి చెప్పినవాళ్ళ సలహా మొదటి కాల్‌లోనే పనిచేసింది. అర్రోబా నిజానికి పాత తూకం, దాదాపు 11.5 కిలోలు, మన మణుగు లాంటిదే!

తేడా కొట్టింది # దగ్గర. ఒకరు చెప్పిన 'అల్మోఆదియా' స్పెయిన్ మాట, అది అంటే అవతలివాళ్ళు కాసేపు మాట్లాడలేదు. చివరికి మా స్పానిష్ టీచర్‌ని అడిగితే మెక్సికోలో దాన్ని 'గాతో', అంటే పిల్లి అంటారని, అడ్డం నిలువు గీతల్లో సున్నాలు ఇంటూలు వేసే ఆటకీ అక్కడ అదే పేరని చెప్పారు. / కూడా అంతే, స్పెయిన్‌లో 'బార్రా', మెక్సికోలో ఎక్కువగా 'దియాగొనాల్'. కాబట్టి ముందు ఏ దేశమో చూసుకోండి.

నా ఉచ్చారణ బాలేదేమోనని పడ్డ టెన్షన్ అంతా వేస్ట్, దానికీ దీనికీ సంబంధమే లేదు. పెద్దక్షరానికి 'మయూస్కులా', చిన్నక్షరానికి 'మినూస్కులా' అని మాత్రం తప్పకుండా చెప్పండి, పాస్‌వర్డ్ రెండుసార్లు ఫెయిలైంది అందుకే.