గోల్డ్ కంట్రీలో టెంట్ వేసినవాళ్లు చెప్పండి: అమ్మానాన్నలతో వెళ్తున్నాం

ఫ్రీమాంట్_నాన్న: మా పెద్దమ్మాయి నాలుగో తరగతి. కాలిఫోర్నియాలో ఆ ఏడాదే బడిలో గోల్డ్ రష్, అంటే 1848లో బంగారం దొరికిందని జనం ఎగబడిన కథ, చెబుతారు కదా, ఆ బంగారం దొరికిన నది చూడాలని ఒకటే పోరు. తెనాలి నుంచి అమ్మానాన్న వచ్చి ఉన్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. జూన్‌లో మూడు రాత్రులు, ఆ పాత బంగారు గనుల ఊళ్లున్న హైవే 49 వైపు ఉందామని ఆలోచన. టెంట్ ఎక్కడ వేస్తే పెద్దవాళ్లకు ఇబ్బంది ఉండదు?

సరళ_ఫాల్సమ్: ముందు కొలోమాలో స్టేట్ పార్కు చూడండి. 1848 జనవరి 24న సట్టర్ రంపపు మిల్లు కాలవలో జేమ్స్ మార్షల్‌కి బంగారు పలుకులు కనబడింది అక్కడే. ఆ స్టేట్ పార్కు లోపల టెంట్లు వేయనివ్వరు, నది పొడుగునా ప్రైవేటు క్యాంపుగ్రౌండ్లున్నాయి. నీళ్ల దగ్గర మాత్రం చాలా జాగ్రత్తండీ. అది మంచు కరిగి వచ్చే నీరు. మా బాబు మోకాలి లోతులోనే పట్టు తప్పాడు, మా వారు చొక్కా పట్టి లాగారు. ఆ రోజు నుంచి ఒడ్డున ఆడుకున్నా లైఫ్ జాకెట్ తీయనివ్వను. అమ్మగారికి మడత మంచం తీసుకెళ్లండి. నేల మీద పరుపైతే లేవడం కష్టం.

కోలారు_మనవడు: గ్రాస్ వ్యాలీలో ఎంపైర్ మైన్ వదలొద్దు. 1850 నుంచి 1956 దాకా నడిచిన గని, 58 లక్షల ఔన్సుల బంగారం తీశారు. భూమిలో 367 మైళ్ల సొరంగాలు! అక్కడ పనిచేసినవాళ్లలో చాలామంది ఇంగ్లండులోని కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లే. మా కోలారు గనుల్లోనూ కార్న్‌వాల్ మేస్త్రీలుండేవారు. చిత్తూరు జిల్లా నుంచి కోలారుకు వెళ్లి గనిలో దిగిన మా తాత వాళ్ల గురించి చెబుతుండేవాడు. గని నోటి దగ్గర నిలబడి కిందికి చూస్తుంటే ఆయనే గుర్తొచ్చాడు. మా అబ్బాయికి తాత కథ మొదటిసారి చెప్పింది అక్కడే.

యూబా_బాటసారి: మేం మలకాఫ్ డిగ్గిన్స్‌లో రెండు రాత్రులున్నాం. అక్కడ బంగారం కోసం పెద్ద గొట్టాలతో నీళ్లు చిమ్మి కొండల్నే కరిగించేశారు. ఆ బురద నదిలో పడి దిగువన పొలాలన్నీ మేట వేశాయి. రైతులు కోర్టుకెళ్తే 1884లో జడ్జి సాయర్ అలా బురద వదలడాన్ని ఆపేశాడు. మాది కృష్ణ ఒడ్డు. వరదొచ్చి పొలంలో ఇసుక మేట వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే ఆ తీర్పు నాకు ఇష్టం. దారి బాగాలేదు, అమ్మగారితో వద్దు.

శారదక్క: తమ్ముడూ, నా మాట విని ఇండియన్ గ్రైండింగ్ రాక్ స్టేట్ పార్కులో టెంట్ వేసుకో. చిన్న క్యాంపుగ్రౌండ్, ఓక్ చెట్ల నీడ. అక్కడి మూలవాసులైన మీవాక్ ఆడవాళ్లు ఓక్ గింజలు దంచుకున్న బండ ఉంది, ఒక్క బండ మీదే 1,185 రోళ్లు. పిండిలో చేదు పోయేదాకా నీళ్లు పోసి కడిగేవారట. గోల్డ్ రష్ అంటే బంగారం కథే చెబుతారు గానీ, 1848లో సుమారు లక్షన్నర మంది ఉన్న మూలవాసులు 1870 నాటికి 30 వేలకు పడిపోయారు. రోగాలతో, ఆకలితో, తుపాకులతో. పిల్లలకు ఇదీ చెప్పాలి. చోటు ఆరు నెలల ముందే బుక్ అయిపోతుంది, రద్దయినవాటి కోసం రోజూ చూస్తుండు. మూడేసి ఆకుల పాయిజన్ ఓక్ ముట్టుకోనివ్వకు, ఒళ్లంతా దద్దుర్లే. ఎండలు ముదిరితే క్యాంపుఫైర్ ఆపేస్తారు, గ్యాస్ స్టవ్ ఉంచుకో.

ఫ్రీమాంట్_నాన్న (జూలై): వెళ్లొచ్చామండీ, అందరికీ నమస్కారాలు. శారదక్కా, ఒకరు రద్దు చేసుకుంటే చోటు దొరికింది. అమ్మ ఆ రోళ్ల బండ ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చుంది. "ఎంతమంది కలిసి దంచుకునేవాళ్లో" అంది.

కొలోమాలో పళ్లెంతో బంగారం వెతకడం నేర్పించారు. మేమంతా నీళ్లతోపాటు అంతా ఒంపేసుకున్నాం. అమ్మ పళ్లెం తీసుకుని, బియ్యంలో రాళ్లు గాలించినట్టే గుండ్రంగా తిప్పుతూ పైది కొంచెం కొంచెంగా వదిలింది. ఇసుక కన్నా బంగారం ఏడింతలు బరువు, అడుగునే ఉండిపోతుంది. మూడు పలుకులు మిగిలాయి. నేర్పించే ఆవిడ వచ్చి, ఇంతకుముందు చేశారా అని అడిగింది. మా అమ్మాయే సమాధానం చెప్పింది: "మా నానమ్మ రోజూ బియ్యం ఇలాగే గాలించేది."

శారదక్క: ఆ మూడు పలుకులూ సీసాలో వేసి అమ్మతోనే తెనాలికి పంపు తమ్ముడూ.