సర్క్యూట్ సార్టీ (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం సాధన చేసే శిక్షణ ఫ్లైట్): వెనక సీటునుంచి చెబుతూ దింపించిన ల్యాండింగ్‌కి ఏ గ్రేడ్ వేయాలి?

ప్రశ్న (వెనకసీటు)

మిలిటరీ బేసిక్ ట్రైనర్, మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందు దశ. ట్రైనీ ఫైనల్ టర్న్ (రన్‌వేకి ఎదురుగా తిరిగే చివరి మలుపు) దాకా చూడ్డానికి బాగానే వస్తాడు. ఫ్లేర్ (నేలకు చేరువలో ముక్కు లేపి, దిగే వేగం తగ్గించడం) దగ్గరే తంటా. ఓసారి ఎత్తులోనే స్టిక్ లాగేస్తాడు, ఇంకోసారి చక్రాలు రన్‌వేకి తగలబోతుంటే గానీ లాగడు. ఇన్‌స్ట్రక్టర్ "ఇప్పుడు... మెల్లగా" అంటే మాత్రం చక్కగా దింపుతాడు. ఇలాంటి సార్టీకి ఒకరు గుడ్, మరొకరు ఫెయిర్ వేస్తున్నారు. ఏది సరి? "ఫ్లేర్ లేట్" అని కాకుండా గ్రేడ్‌షీట్‌లో ఇంకేం రాస్తే తర్వాతి ఇన్‌స్ట్రక్టర్‌కి పనికొస్తుంది?

జవాబు 1 (స్టాండర్డ్స్)

గుడ్ వేయకండి. మాట సాయం కూడా సాయమే. సోలోలో ఆ మాట చెప్పడానికి వెనక సీట్లో ఎవరూ ఉండరు కదా.

అమెరికా వైమానిక దళం వాడే మెట్లు చూడండి. అన్‌ఏబుల్ అంటే ప్రమాదకరంగా చేశాడు, లేదా అసలు చేయలేకపోయాడు. ఫెయిర్ అంటే భద్రంగానే చేశాడు గానీ నైపుణ్యం తక్కువ. గుడ్ అంటే తప్పు జరిగినా తానే గమనించి, సమయానికి దిద్దుకున్నాడు. ఎక్సలెంట్ గురించి ఈ దశలో బెంగ అక్కర్లేదు. ఫెయిర్‌కీ గుడ్‌కీ మధ్య గీత ఆ "తానే గమనించి" దగ్గరుంది. మీరు చెప్పాక దిద్దుకుంటే ఫెయిర్. మీ చేయి స్టిక్ మీద పడితే అన్‌ఏబుల్.

ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కువగా పొరబడేది ఇంకోచోట. "మూడో సార్టీకి ఇది చాలా మెరుగు" అని గుడ్ వేస్తారు. గ్రేడ్ కొలిచేది కోర్సు చివర అందుకోవాల్సిన ప్రమాణంతో, నిన్నటి సార్టీతో కాదు. ఏ దశ ముగిసేసరికి ఏ అంశంలో కనీసం ఏ గ్రేడ్ ఉండాలో సిలబస్ చెబుతుంది. మూడో సార్టీలో ఫెయిర్ రావడం సహజమే, దానివల్ల ట్రైనీకి నష్టమేమీ లేదు. జాలిపడి వేసిన గుడ్ వల్లే నష్టం: తర్వాతి ఇన్‌స్ట్రక్టర్ ఆ అంశం అయిపోయిందనుకుని వదిలేస్తాడు.

జవాబు 2 (ఫైనల్_టర్న్)

గ్రేడ్ సంగతి పైన చెప్పారు. నాకు అనుమానం మాత్రం ఆ "ఫైనల్ టర్న్ దాకా బాగానే" మీద. ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా లాగుతున్నాడంటే చేతి కంటే ముందు చూపునీ వేగాన్నీ అనుమానించాలి.

ముక్కు కింది రన్‌వేని చూస్తుంటే నేల చారలుగా జారిపోతూ కనిపిస్తుంది. అప్పుడు ఉలిక్కిపడి ఒక్కసారిగా లాగుతాడు, లేదా లాగేసరికే ఆలస్యమవుతుంది. చూపు మరీ దూరంలో నిలిపితే నేల ఎంత దగ్గరకొచ్చిందో తెలియదు. అప్రోచ్‌లో (రన్‌వే వైపు దిగుతూ వచ్చేటప్పుడు) ఎయిమ్ పాయింట్‌ని (రన్‌వే మీద గురిపెట్టిన చోటుని) చూడాలి. రౌండవుట్ (ఫ్లేర్) మొదలయ్యాక చూపు రన్‌వే అవతలి కొస వైపు మెల్లగా జరగాలి. ఫ్లేర్‌లో ఎక్కడ చూస్తున్నావని డీబ్రీఫ్‌లో (సార్టీ తర్వాతి చర్చలో) అడగండి. తడబడితే కారణం దొరికినట్టే.

ఎయిమ్ పాయింట్ విండ్‌స్క్రీన్‌లో పైకి జరుగుతుంటే రన్‌వేకి ముందే పడతాం, కిందికి జారుతుంటే దాటిపోతాం. కదలకుండా ఉండి, వేగం కూడా నిలకడగా ఉంటేనే ఆ అప్రోచ్ సరైనది. ట్రిమ్ (స్టిక్ వదిలినా ముక్కు నిలిచేలా చేసే సర్దుబాటు) కూడా చూడండి. డౌన్‌విండ్‌లో (రన్‌వే పక్కగా, దిగే దిశకు ఎదురు దిశలో వెళ్లే భాగంలో) స్టిక్ మీద పట్టు సడలించమంటే ముక్కు లేచినా వాలినా, ఫైనల్ (మలుపు తర్వాత రన్‌వేకి నేరుగా వచ్చే భాగం) అంతా చేత్తో నెట్టుకునే వస్తున్నాడన్నమాట. వేగం అక్కడే ఎక్కువా తక్కువా అవుతుంది. ఎక్కువైతే ఫ్లేర్‌లో విమానం తేలుతుంది, తక్కువైతే లాగినా పైకి రాదు. అందుకే ఒకే ట్రైనీ రెండు రకాలుగా దింపుతాడు.

బెలూనింగ్ (ఫ్లేర్‌లో విమానం మళ్లీ పైకి లేవడం) కొద్దిగా అయితే ఆ యాటిట్యూడ్ (ముక్కు కోణం) అలాగే పట్టుకుని దిగనివ్వాలి. ఎక్కువైతే గో-అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి వెళ్లిపోవడం). ముక్కు కిందికి నెట్టడం మాత్రం వద్దు, నోస్‌వీల్ ముందు తగులుతుంది.

ఫైనల్ టర్న్‌లో సెంటర్‌లైన్ దాటిపోయినప్పుడు ఏం చేస్తున్నాడో తప్పకుండా చూడండి. బ్యాంక్ (రెక్కల వాలు) పెంచడానికి భయపడి మలుపు లోపలి వైపు రడ్డర్ (తోక చుక్కాని) తొక్కి, ముక్కు వాలుతుంటే స్టిక్ లాగితే అది స్పిన్‌కి (గిరగిరా తిరుగుతూ పడిపోవడానికి) దారి. ఆ ఎత్తులో తేరుకోవడానికి చోటుండదు. బ్యాంక్ పెంచినా లెక్క ఉంది: ఎత్తు తగ్గకుండా తిరిగితే 45 డిగ్రీల దగ్గర స్టాల్ వేగం (అంతకు తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 19 శాతం పెరుగుతుంది, 60 దగ్గర 41 శాతం. కాబట్టి దాటిపోతే గో-అరౌండే.

ప్రశ్న (వెనకసీటు)

ధన్యవాదాలండీ. అయితే గ్రేడ్‌షీట్‌లో ఏం రాయాలి? ఎప్పటిదాకా ఇలా కొనసాగించాలి?

జవాబు 3 (చెక్‌రైడ్)

తీర్పు రాయకండి, చూసింది రాయండి. "ల్యాండింగ్ బలహీనం" అంటే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాస్తే తెలుస్తుంది: "6 ల్యాండింగుల్లో 4 సార్లు ఫైనల్‌లో వేగం 8 నుంచి 10 నాట్లు ఎక్కువ. ట్రిమ్ చేయలేదు. 3 సార్లు మాటతో, 1 సారి కంట్రోల్ తీసుకుని దిద్దాను. తర్వాతి సార్టీ: డౌన్‌విండ్‌లో ట్రిమ్, ఆపై చూపు." డీబ్రీఫ్‌లోనూ ఒకటి రెండు కారణాలకు మించి ఎత్తొద్దు, పది చెబితే ఒక్కటీ దిద్దుకోడు.

ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్ల గ్రేడ్లు పదేపదే వేరుపడుతుంటే, కాక్‌పిట్ వీడియో ఉంటే ఒకే సార్టీని ఇద్దరి చేతా విడివిడిగా గ్రేడ్ చేయించండి. తేడా సాధారణంగా సాయాన్ని లెక్కించే చోటే బయటపడుతుంది.

ఎప్పటిదాకా అంటే, సిలబస్ ఇచ్చే అదనపు సార్టీలు అయ్యేదాకా. మధ్యలో ఒకసారి ఇన్‌స్ట్రక్టర్‌ని మార్చి చూడండి, కొందరికి మరొకరు వివరించే తీరే పట్టుబడుతుంది. అప్పటికీ కుదరకపోతే ప్రోగ్రెస్ చెక్ (ప్రగతి పరీక్ష), ఆ తర్వాత ఎలిమినేషన్ చెక్ (కోర్సులో ఉంచాలో వద్దో తేల్చే పరీక్ష). అమెరికా ట్రైనీలు వీటిని 88 రైడ్, 89 రైడ్ అంటారు. ఈ చెక్‌లు రోజూ నేర్పే ఇన్‌స్ట్రక్టర్ చేయకూడదు, చేసేవాడు సార్టీలో పాఠం చెప్పకూడదు. "ఇప్పుడు... మెల్లగా" అక్కడ పనికిరాదు.

చివరగా ఒకటి: ట్రైనీ ఎవరూ చెప్పకుండా తానే గో-అరౌండ్ చేస్తే, ల్యాండింగ్ దిగలేదు కాబట్టి ఆ గడి ఖాళీ వదలండి, కానీ జడ్జిమెంట్ గడిలో గుడ్ కంటే తగ్గించొద్దు. అక్కడ కోత పెడితే వచ్చే సార్టీలో చెడ్డ అప్రోచ్‌ని కూడా దింపడానికే చూస్తాడు.