రంగం వైపు పోయిన పెదతాతగారి పేరు ఎక్కడ వెతకాలి? ఆబ్దికం ఏ తిథికి?

నాగావళి_ఒడ్డు (ప్రశ్న):

నమస్కారం అండి. మా పెదతాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో మిలట్రీలో చేరి తిరిగి రాలేదు. ఊరు ఆమదాలవలస పక్కన. "రంగం వైపు వెళ్ళాడు, అటే పోయాడు" అన్న ఒక్క మాటే ఇంట్లో మిగిలింది. రంగం అంటే బర్మాలోని రంగూన్, ఇప్పటి యాంగోన్. ఫొటో లేదు, కాగితం లేదు. ఉన్నవల్లా రెండు: ఇత్తడి రంగులో ఆరు మొనల నక్షత్రం ఒకటి, తెల్లటి లోహపు గుండ్రటి బిళ్ళ ఒకటి. నక్షత్రం వెనక, బిళ్ళ అంచు మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలున్నాయి గానీ చదవడానికి రావడం లేదు. ఆయన ఏ దళంలో పనిచేశారు, ఏ రోజు పోయారు, పేరు ఎక్కడైనా చెక్కి ఉందా అన్నవి తెలియాలి. తేదీ దొరికితే ఆబ్దికం ఏ తిథికి పెట్టాలో కూడా చెప్పండి. ఇంటిపేరు పెట్టి, శ్రీకాకుళం జిల్లా అని పెట్టి నెట్‌లో వెతికితే ఏమీ రాలేదు.

కంటోన్మెంటు_వీధి:

అన్నిటికంటే ముందు ఒక మాట. ఆ రెండింటినీ చింతపండుతో గానీ, బూడిదతో గానీ, బ్రాసోతో గానీ తోమకండి. ఇదివరకు ఎవరైనా తోమి ఉంటే ఇకనైనా ఆపించండి. మీకు కావలసినదంతా ఆ సన్నటి అక్షరాల్లోనే ఉంది. అవి లోతుగా కొట్టినవి కావు, నాలుగుసార్లు గట్టిగా తోమితే అరిగిపోతాయి. మెత్తటి నూలుగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

బ్రిటన్ తన సైనికులకు ఆ యుద్ధపు పతకాలను పేరు లేకుండానే ఇచ్చింది. భారత సైన్యానికి ఇచ్చిన చాలావాటి మీద మాత్రం నంబరు, హోదా, పేరు, దళం కొట్టించారు. గుండ్రటివాటికి అంచు మీద, నక్షత్రాలకు వెనక ఉంటాయి. చీకటి గదిలో టార్చిని పక్కనుంచి, దాదాపు బల్లకు ఆనించి వేయండి. అక్షరాల గుంటల్లో నీడ పడి పైకి తేలతాయి. అంచును కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోనుతో ఏడెనిమిది ఫొటోలు తీయండి. అప్పటికీ తేలకపోతే పల్చటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో పైపైన రుద్దండి.

నంబరు ముందు అక్షరాలుంటే వాటినీ వదలకుండా రాసుకోండి. ఆ తర్వాత హోదా పొట్టి రూపంలో ఉంటుంది: ఎస్‌.పి.ఆర్. అంటే సాపర్ (ఇంజనీరింగ్ దళపు సిపాయి), పి.ఎన్.ఆర్. అంటే పయొనీర్, డి.వి.ఆర్. అంటే డ్రైవర్. చివర దళం: ఐ.ఇ. అంటే ఇండియన్ ఇంజనీర్స్, ఆర్.ఐ.ఎ.ఎస్.సి. అంటే సరుకులు, రవాణా చూసే సర్వీస్ కోర్, ఐ.ఎ.ఎం.సి. అంటే వైద్యదళం.

నక్షత్రం ముందువైపు, నడుమ ఉన్న రాజముద్ర అక్షరాల చుట్టూ దాని పేరుంటుంది. బర్మా స్టార్ అని ఉంటే 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 లోపు బర్మా పోరులో పనిచేశారని అర్థం. అయితే అస్సాం, బెంగాల్‌లలో పనిచేసిన కొందరికీ అది ఇచ్చారు. కాబట్టి ఆ ఒక్కదాన్ని బట్టి రంగంలోనే పోయారని తేల్చేయకండి. గుండ్రటిదాని వెనక భారతదేశం పటం ఉంటే అది ఇండియా సర్వీస్ మెడల్. సింహం డ్రాగన్ మీద నిలబడి ఉంటే వార్ మెడల్.

పాలకొండ_రోడ్డు:

మీ వెతుకులాట రెండు చోట్ల తప్పింది.

ఒకటి, జిల్లా. శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది 1950లో, విజయనగరం జిల్లా 1979లో. యుద్ధకాలపు కాగితాల్లో ఆ రెండూ విశాఖపట్నం జిల్లాలోనే ఉంటాయి. శ్రీకాకుళం ఊరిని చికాకోల్ అని రాశారు. ఇంగ్లీషులో అక్షరాలు సి-హెచ్-ఐ-సి-ఎ-సి-ఓ-ఎల్-ఇ. విశాఖపట్నం విజగపటం అవుతుంది: వి-ఐ-జెడ్-ఎ-జి-ఎ-పి-ఎ-టి-ఎ-ఎం. మొదటి ప్రపంచ యుద్ధపు మనిషి కోసం వెతికేవాళ్ళకు ఇంకో మెలిక ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా చికాకోల్, టెక్కలి, సోంపేట గంజాం జిల్లాలో ఉండేవి, కాబట్టి ఆ పేరుతోనూ చూడాలి. పాలకొండ, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు.

రెండు, పేరు. భర్తీ చేసిన గుమాస్తా మన ఇంటిపేరు రాయడం అరుదు. అప్పలస్వామి అని ఒక్కటే రాసుకుంటాడు, తర్వాత జాబితాలో అదే ఇంటిపేరు గడిలోకి వెళ్తుంది. కాబట్టి యుద్ధాల్లో పోయిన సైనికుల సమాధులు, పేర్ల జాబితా చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటులో ఇంటిపేరు గడిలో మనిషి పేరే కొట్టండి, సైన్యం దగ్గర ఇండియన్ అని పెట్టండి. స్వామి చివర వై, ఐ రెండూ చూడాలి. అప్పలకు ఒక పి, రెండు పి-లూ చూడాలి. సింహాచలంలో హెచ్ ఎగిరిపోవచ్చు, పైడి ఒకచోట పి-ఎ-ఐ, ఒకచోట పి-వై అవుతుంది. ఏదీ కుదరకపోతే పేరు ఖాళీగా వదిలి, అదనపు సమాచారం గడిలో చికాకోల్ ఒక్కటే కొట్టి వచ్చినవన్నీ చదవండి. తండ్రి పేరు, భార్య పేరు, ఊరు అక్కడే ఉంటాయి. రెండో యుద్ధానికి ఆ జాబితా 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 దాకా పోయినవాళ్ళను కలుపుకుంటుంది. ఇంటికి తిరిగొచ్చి ఆ తర్వాత ఎప్పుడో కాలం చేసినవాళ్ళు అందులో ఉండరు.

ఇంకొక్కటి అడగాలి. "రంగం పోయాడు" అన్నది మన వైపు కూలికి వెళ్ళినవాళ్ళకూ వాడిన మాటే. రేవుల్లో, మిల్లుల్లో పనికి వెళ్ళి 1942లో జపాన్‌వాళ్ళు వచ్చినప్పుడు తిరుగుదారిలో పోయినవాళ్ళు ఎందరో. వాళ్ళ పేర్లు సైనిక జాబితాల్లో దొరకవు. మీ దగ్గర పతకాలున్నాయి కాబట్టి మీకు ఆ సందేహం లేదు. అవి లేనివాళ్ళు మాత్రం ముందు ఇది తేల్చుకోవాలి.

నాగావళి_ఒడ్డు:

కంటోన్మెంటు గారూ, టార్చి కిటుకు పనిచేసింది. హోదా ఎస్‌.పి.ఆర్., దళం ఐ.ఇ. నంబరులో చివరి అంకె మాత్రం 3 అవునో 8 అవునో తేలడం లేదు. జాబితాలో ఆ పేరువాళ్ళు ఇద్దరు కనిపిస్తున్నారు. ఇద్దరివీ రంగూన్ మెమోరియల్ కిందే ఉన్నాయి. అంటే ఇద్దరూ రంగంలోనే పోయారా?

పాలకొండ_రోడ్డు:

కాదండి. రంగూన్ మెమోరియల్ అన్నది బర్మా పోరులో పోయి, సమాధి ఎక్కడో తెలియనివాళ్ళందరికీ కలిపి కట్టినది. దాదాపు 27,000 పేర్లున్నాయి. యాంగోన్‌కు ఉత్తరాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, తౌక్యాన్ శ్మశానవాటికలో ఉంది. దహనం జరిగినట్టు నమోదైన హిందూ సైనికుల పేర్లు అక్కడే వేరే దహన స్మారకం మీద ఉంటాయి. మలయా, సింగపూర్‌లలో ఆచూకీ లేకుండా పోయినవాళ్ళవి సింగపూర్ దగ్గరి క్రాంజీ స్మారకంలో, పోరాటం జరగని ప్రాంతాల్లో పోయినవాళ్ళవి చాలావరకు ఢిల్లీ స్మారకం కింద వస్తాయి.

ఆ ఇద్దరి సర్వీసు నంబర్లను మీ పతకం మీది నంబరుతో అంకె అంకె సరిచూడండి. చివరిది 3 అయినా 8 అయినా, ముందరి అంకెలన్నీ కలిసేది ఒక్కరికే అవుతుంది. నంబరు కలిస్తే పేరులో అక్షరం అటూఇటూ ఉన్నా పట్టించుకోనక్కర్లేదు. పేరు కలిసి నంబరు కలవకపోతే ఆయన కాదు, ఎంత ఆశగా ఉన్నా వదిలేయండి. సరైన పేజీలో ఫేస్ అని ఒక అంకె ఉంటుంది. పేరు చెక్కిన రాతి పలక అదే. అటు వెళ్ళేవాళ్ళెవరికైనా ఆ అంకె ఇస్తే నేరుగా అక్కడికే వెళ్ళి ఫొటో తీసుకురాగలరు. స్మరణ పత్రం ఆ పేజీ నుంచే ఉచితంగా దించుకోవచ్చు.

రికార్డు_గది:

సాపర్, అందులోనూ మద్రాసు రాష్ట్రం నుంచి భర్తీ అయిన మనిషి అంటే ముందు బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డు ఆఫీసుకు రాయండి. ఇది చదివే మిగతావాళ్ళకు: మద్రాస్ రెజిమెంటుకు వెల్లింగ్టన్, పయొనీరుకు బెంగళూరు, ఫిరంగి దళానికి నాసిక్ రోడ్, సిగ్నల్స్‌కు జబల్‌పూర్, వైద్యదళానికి లక్నో, వాహనాలు, యంత్రాలు బాగుచేసే ఇ.ఎం.ఇ. దళానికి సికింద్రాబాద్.

సమాచార హక్కు చట్టం కింద రాస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రుసుము 10 రూపాయలు. పోస్టల్ ఆర్డరు అకౌంట్స్ ఆఫీసర్ పేరున ఉండాలి. "సర్వీసు రికార్డు ఇవ్వండి" అని అడిగితే దాదాపు ఎప్పుడూ ఒకే జవాబు: నియమాల ప్రకారం నాశనం చేశాం అని. పెన్షన్ లేనివాళ్ళ కాగితాలను 25 ఏళ్ళకు తీసేస్తారు, అది నిజమే. శాశ్వతంగా ఉంచేది లాంగ్ రోల్ అనే పేర్ల పట్టీ. కాబట్టి "లాంగ్ రోల్‌లో ఈ నంబరు ఎదురుగా ఉన్న నమోదు నకలు" అని ఆ మాటే వాడండి. నంబరు, హోదా, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా చికాకోల్, జిల్లా విజగపటం అని రాయండి. అంకె తేలలేదు కాబట్టి రెండు నంబర్లూ ఇవ్వండి. మూడో వ్యక్తి సమాచారం అని తిప్పి పంపితే సెక్షన్ 8(3) ఎత్తి చూపి 30 రోజుల్లో అప్పీలు వేయండి. 20 ఏళ్ళు దాటిన సంగతులకు ఆ అడ్డు వర్తించదు.

పంచాంగం_పక్కన:

తిథి గురించి. తేదీ తెలిశాక పంచాంగం లెక్కకట్టే యాప్‌లో ఊరు శ్రీకాకుళం కాకుండా యాంగోన్ పెట్టండి. తర్వాత మాసం చూడండి. చాలా యాప్‌లు ఉత్తరాది పద్ధతిలో ఉంటాయి. వాటిలో ఆషాఢ కృష్ణపక్షం అంటే మనకు జ్యేష్ఠ బహుళం. శుక్లపక్షానికి తేడా రాదు గానీ, బహుళంలో పడితే ఇది చూసుకోకపోతే ఏటా నెల తప్పి పెడతారు. సంవత్సరం పేరు కూడా ఉగాది నుంచే మారుతుంది: 1944 ఉగాది తర్వాత పోతే తారణ, దానికి ముందైతే స్వభాను.

పోయిన గంట రికార్డులో ఉండదు. ఆ రోజున తిథి మారి ఉంటే రెండూ రాసి పురోహితుడి ముందు పెట్టండి, అధిక మాసం అయితే అదీ చెప్పండి. కొందరికి ఒక్క తేదీ కాకుండా ఫలానా రోజు నుంచి ఫలానా రోజు లోపు అని ఉంటుంది. అప్పుడు ఏదో ఒకటి ఊహించి పెట్టుకోవద్దు, మహాలయ అమావాస్యకే పెట్టండి. ఆయుధం వల్ల పోయినవాళ్ళకు భాద్రపద బహుళ చతుర్దశి ప్రత్యేకం. కానీ అక్కడ మలేరియాతో, విరేచనాలతో పోయినవాళ్ళూ ఎక్కువే, కారణం జాబితాలో సాధారణంగా రాయరు. లాంగ్ రోల్ నకలు వచ్చాక, అందులో కారణం ఉంటే, అప్పుడు చతుర్దశి సంగతి తేల్చుకోండి.