అంబాసిడర్‌తో అరకు ఘాట్: బయల్దేరేముందు ఏం చూసుకోవాలి?

మార్క్4_గుంటూరు:
జనవరి రెండో శనివారం పాత కార్లు ఏడెనిమిది కలిసి అరకు వెళ్తున్నాం. నాది 1982 మార్క్ 4 పెట్రోలు, 1489 సీసీ, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటాక ఘాట్‌లో హీటెక్కుతుందేమోనని భయం. ఏం చేయించాలి? వింటేజ్ నంబరు ప్లేటు కూడా తీసుకోవచ్చా?

ఆటోనగర్_పాన:
అన్నా, ఎక్కడం కాదు, దిగడం చూసుకోండి. బ్రేకు డ్రమ్ములు కాలిపోతే, లోపల వాటికి ఒరుసుకునే షూల లైనింగ్ పట్టు వదిలేస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తగా కిందికి దిగిపోతే అది వేరే జబ్బు, బ్రేక్ ఆయిల్‌లో చేరిన తేమ మరుగుతోందన్నమాట. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీలు తట్టుకోవాలి, తేమ పీల్చాక 140 దగ్గరే మరగొచ్చు. అందుకే పాత ఆయిల్ మొత్తం తీయించండి. మాస్టర్ సిలిండర్‌కి (పెడల్ నొక్కితే ఆయిల్‌ని తోసేది) దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలుపెట్టి బ్రేకు పైపుల్లోని గాలి తీయాలి, మధ్యలో ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకూడదు. చక్రాల దగ్గర షూలని తోసే వీల్ సిలిండర్ల దగ్గర చెమ్మ కనిపిస్తే వాటి రబ్బరు వాషర్లు మార్చాల్సిందే. షూలు చక్రం బిగిసేదాకా అడ్జస్ట్ చేసి, ఫ్రీగా తిరిగేంత మాత్రమే వదలండి.

ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి, చాలాచోట్ల రెండో గేరు. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచొద్దు, గట్టిగా నొక్కి వదిలేయండి. న్యూట్రల్‌లో అస్సలు దిగొద్దు.

కృష్ణలంక_అంబీ:
హీటు సంగతి. ఫ్యాన్ ఇంజిన్ బెల్టుతోనే తిరుగుతుంది కాబట్టి ట్రాఫిక్‌లో పాకుతుంటే గాలి చాలదు. రేడియేటర్ శుభ్రం చేయించి, ఫ్యాన్ బెల్టు మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం దిగేలా బిగించండి. కారు పెట్రోలు అయిపోయినట్టు దగ్గుతూ ఆగితే అది వేపర్ లాక్, పంపులో పెట్రోలు ఆవిరైంది. బానెట్ తెరిచి, పంపు మీద తడిగుడ్డ వేసి ఓ పావుగంట ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తీయొద్దు.

ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ ఎక్కువ, పాత రబ్బరు ట్యూబులనీ పంపులోని డయాఫ్రమ్ అనే పల్చటి పొరనీ తినేస్తుంది. అవి తట్టుకునే రకం వేయించండి. ఫ్యాన్ బెల్టు, పై కింది హోసులు, క్లిప్పులు, ప్లగ్గులకి కరెంటు అందించే పాయింట్లు, కండెన్సర్, రోటర్, ఐదు లీటర్ల నీళ్లు, చక్రాల కింద పెట్టడానికి రెండు చెక్కముక్కలు డిక్కీలో ఉండాలి. పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు).

స్తంభాలగరువు:
వింటేజ్ రిజిస్ట్రేషన్ కుదరదండీ. 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. ఫీజు 20,000, పైగా ఆ ప్లేటుతో రోజువారీ తిరగకూడదు. మీకు ఆర్సీ రెన్యువల్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సరిగ్గా ఉంటే చాలు.

బెజవాడ నుంచి విశాఖ వైపు 350 కిలోమీటర్లు ఒక రోజు, ఘాట్ మర్నాడు పొద్దున్నే. సబ్బవరం, కొత్తవలస మీదుగా వెళ్తే విశాఖ ఊళ్లోకి దూరక్కర్లేదు. ఎస్.కోటలోనే ట్యాంకు నింపుకోండి. మంచుంటే తెరిపిచ్చేదాకా కిందే ఆగండి.

తేదీ మాత్రం మార్చండి. రెండో శనివారం అంటే సంక్రాంతి ముంగిట్లోనే. హైదరాబాద్ నుంచి ఊళ్లకెళ్లే కార్లన్నీ మన బెజవాడ మీదుగా అదే హైవే ఎక్కుతాయి. కనుమ వెళ్లాక, నెలాఖరు వారం పెట్టుకోండి.