ప్లాస్మా పట్టీ గాలిని ఏం చేస్తుంది: ఊదుతుందా, విసురుతుందా, తోలుతుందా?

ప్రశ్న:
విమానం రెక్క మీద అతికించి గాలిని కదిలించే ప్లాస్మా యాక్చుయేటర్ అనే పరికరం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. అందులో కదిలే భాగమంటూ ఒక్కటీ ఉండదు. రెండు పలచటి రాగి పట్టీలు, మధ్యలో కరెంటు పారని పొర, అంతే. పై పట్టీ గాలికి తగులుతూ ఉంటుంది. కింది పట్టీ కాస్త పక్కకు జరిగి పొర కింద దాగి ఉంటుంది. వేల వోల్టుల ఏసీ కరెంటు ఇస్తే పై పట్టీ అంచు వెంట ఊదారంగు వెలుగు వస్తుంది (అదే ప్లాస్మా), రెక్కను ఆనుకుని సెకనుకు కొన్ని మీటర్ల వేగంతో గాలి కదులుతుంది. ఈ పనికి "ప్రవాహమును ప్రేరేపించును" అని రాసి కొట్టేశాను, చదివితే ఏమీ కళ్లకు కట్టడం లేదు. "గాలి ఊదుతుంది" అనవచ్చా?

జవాబు:
ఊదడం వద్దండి. ఊదాలంటే నోరో గొట్టమో ఉండాలి, లోపలి గాలి బయటికి రావాలి. ఇక్కడ లోపల గాలే లేదు. విసరాలంటే విసనకర్రలా ఏదో ఒకటి ఆడాలి, ఆ మాట ప్రొపెల్లర్‌కు నప్పుతుంది. గాలి కొట్టడం అనగానే పంపు గుర్తొస్తుంది. "చల్లగాలి తోలుతోంది" అని రోజూ అంటాం కదా, నా ఓటు దానికే.

ఎడ్లను తోలుతాం, ఈగల్ని తోలుతాం. గాలి తోలుతోంది అన్నప్పుడు మాత్రం తోలేవాళ్లెవరో చెప్పం. మీ పట్టీ దగ్గర వాళ్లు దొరికారు: అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న అణువులు. ఆ వెలుగులో కూడా పది లక్షల అణువులకు ఒక్క అయానైనా ఉండదు. విద్యుత్ క్షేత్రం చేతికి చిక్కేది అవే, మిగతా గాలికి ఆవేశం లేదు. అయాన్ పరుగెత్తి పక్క అణువును గుద్ది తన ఊపు దానికి ఇచ్చేస్తుంది. క్షేత్రం దాన్ని మళ్లీ పరుగెత్తిస్తుంది, అది మళ్లీ గుద్దుతుంది. గుప్పెడు మంది కాపరులు పెద్ద మందను తోలుకుపోతున్నట్టే. ఇంతకంటే నిజమైన క్రియ నాకు తట్టడం లేదు.

మరొకరు:
"విద్యుత్ పవనం" అంటే చాలదా? 1709లోనే ఇంగ్లండు శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ హాక్స్‌బీ, రుద్దిన గాజు గొట్టాన్ని ముఖం దగ్గర పెట్టుకుంటే సన్నగా గాలి తగులుతోందని రాశాడు. 2018లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం వాళ్లు 5 మీటర్ల రెక్కలున్న 2.45 కిలోల విమానాన్ని 40,000 వోల్టులతో ఈ గాలి మీదే సుమారు 60 మీటర్లు ఎగరేశారు. అన్నట్టు, అయాన్ అంటే గ్రీకులో "వెళ్లేది". మన "అయనం"దీ అదే మూలధాతువు. అందుకేనేమో "అయనీకరణం" (అణువుల్ని అయాన్లుగా మార్చడం) పరాయి మాటలా అనిపించదు.

జవాబు:
నామవాచకంగా బావుంది. కానీ ఆయన అడిగింది క్రియ. రెక్క నిక్కినప్పుడు దాన్ని ఆనుకున్న పలచటి పొరలో గాలి నీరసపడి రెక్కను వదిలేస్తుంది, విమానాన్ని పైకెత్తే బలం (లిఫ్ట్) పడిపోతుంది. నీరసపడ్డచోటే ఆ గాలిని కాస్త తోలితే అది రెక్కను అంటిపెట్టుకుని సాగుతుంది. ఇది "పవనం"తో చెప్పి చూడండి, వాక్యం కదలదు.

ఇంకో ప్రశ్న:
అయస్కాంతంతో చేస్తే కూడా తోలడమేనా?

జవాబు:
అక్కడ జాగ్రత్తగా ఉండాలి. అయస్కాంతం ఒక్కటే ఉంటే ఆవేశమున్న కణం దారి మారుతుంది తప్ప వేగం పెరగదు. అది మళ్లించడం. అయనీకరించిన గాలిలో కరెంటు కూడా పారిస్తే, కరెంటుకూ అయస్కాంత క్షేత్రానికీ లంబంగా బలం పుట్టి మొత్తం గాలిని తోస్తుంది. అప్పుడు తోలడం అనొచ్చు, ఎదురు దిశలో అయితే నిలవరించడం.

అడిగినవారు:
ఇలా మార్చాను: "పట్టీ అంచున పుట్టిన అయాన్లు రెక్క మీది గాలిని ముందుకు తోలతాయి, ఖాళీ అయిన చోటికి పైగాలి దిగుతుంది." చాలా తేలికైంది. ఒక్క చిక్కు మిగిలింది. పరికరానికి "తోలుపట్టీ" అని పేరు పెడితే అందరూ చర్మంతో చేసిన బెల్టు అనుకుంటారు. "గాలి తోలే పట్టీ" అని విడదీసే రాస్తున్నాను.